దిగడమే నా ఉద్యోగం

నేను ఒక నూతి ఒరను. నుయ్యి తవ్వేటప్పుడు ఇసక కూలిపోకుండా ఒకదాని మీద ఒకటి పేరుస్తారే, ఆ సిమెంటు చక్రాల్లో ఒకదాన్ని. అందులోనూ అన్నిటికంటే అడుగుదాన్ని. పైనుండే ఒరకైతే తాళ్ళ ఒరిపిడీ, బిందెల మోతా, నీళ్ళకొచ్చినవాళ్ళ ఊసులూ అన్నీ దక్కుతాయి. నాకా భోగం లేదు. లోకంలో తక్కిన వస్తువులన్నీ మునిగిపోకుండా ఉండటానికి నానా తంటాలు పడుతుంటే, నన్ను మాత్రం పనిగట్టుకుని మునగడం కోసమే పుట్టించారు. ఆ సంగతి మొదట తెలిసినప్పుడు చిన్నబుచ్చుకున్నాను. ఇప్పుడడిగితే, ఇంత విచిత్రమైన ఉద్యోగం నాకు దొరకడం నా అదృష్టమంటాను.

నన్ను పోసింది సన్యాసమ్మ. పెద్దరోడ్డు పక్కన, జీడితోటల అంచున ఆమెకో పాక ఉండేది. పాక ముందు ఖాళీ జాగాలో ఇనపరేకుల అచ్చులు పెట్టి ఒరలు పోసి అమ్మేది. లోపలి రేకుకీ బయటి రేకుకీ మధ్య జానెడు సందు ఉంటుంది. ఆ సందులో సిమెంటు, ఇసక, కంకర కలిపిన ముద్ద పోసి, ఇనప చువ్వతో పొడుస్తూ చుట్టూ తిరిగేది. తోడుగా ఆమె చెల్లెలి కూతురు ఒకమ్మాయి నీళ్ళు అందించేది. ఆ అమ్మాయికి పని తొందరగా తెమిలిపోవాలని ఆత్రం. ముద్ద పలచగా ఉంటే పొడవడం సులువు కదా అని చెంబుల కొద్దీ నీళ్ళు పోయబోయింది.

"ఆగవే," అంది సన్యాసమ్మ. "నీళ్ళెక్కువైతే కంకరంతా అడుక్కి దిగిపోతాది. పైనంతా ఉత్త సిమెంటు పాలే మిగుల్తాది. ఇది రేపు నూతిలోకి దిగినాక లోపల మనిసుంటాడు. ఒర పగిల్తే ఆ మనిసి మరి పైకి రాడు."

నా గురించి నేను విన్న మొదటి మాట అదే. నా లోపల ఒక మనిషి ఉంటాడన్నమాట. ఎవరతను, లోపలికెందుకు వస్తాడు, ఏం చేస్తాడు అని అప్పట్నించే నాకు ఒకటే ఆరాటం.

ఈలోగా నా ఒంట్లోనే ఒక వింత జరుగుతోంది. చువ్వ పడ్డ చోటల్లా గట్టిముద్ద కాస్త జావలా అయ్యేది. బరువైన కంకర రాయి ఒకటి రవ్వంత కిందికి జరిగేది, లోపల చిక్కుకున్న గాలి బుడగ పైకి వచ్చి పేలేది. చువ్వ తీసేయగానే అంతా మళ్ళీ బిగుసుకుపోయేది. అంటే రాయి దిగాలా ఆగాలా అన్నది రాయి చేతిలో లేదు, ఎంత బరువుందన్నదాన్ని బట్టి కూడా లేదు, చుట్టూ ఉన్నది కదులుతోందా లేదా అన్నదాన్ని బట్టి ఉంది. ఇది నేను పూర్తిగా గట్టిపడక ముందే నేర్చుకున్న పాఠం. అడుగు ఒరను కాబట్టి సన్యాసమ్మ నా కింది అంచును ఏటవాలుగా తీర్చి, ఇనప పట్టీ బిగించింది. తడిగోనెలు కప్పి ఎన్నో రోజులు నీళ్ళు చల్లింది. కన్నతల్లి కూడా అంత శ్రద్ధ చూపించదు.

ఇంత చేసి నన్ను కొన్నదెవరయ్యా అంటే, ఒక కల్యాణమండపం యజమాని. పేరు వరహాలరావు. నుయ్యి తవ్వించడానికి కాదు. మండపం గేటు పక్కన నన్ను నిలబెట్టి నిండా ఇసక పోయించాడు, ఎప్పుడైనా నిప్పంటుకుంటే ఆర్పడానికట. అక్కడ నిప్పు ఎప్పుడూ అంటుకోలేదు. పెళ్ళికొచ్చిన పెద్దవాళ్ళు నాలో కిళ్ళీలు ఉమ్మారు, పిల్లలు ఐస్‌క్రీం పుల్లలు పాతారు. ఒకనాడు వరహాలరావుగారే సామాన్లగది తాళంచెవి నాలో జారవిడుచుకున్నాడు. భోజనాల వేళ అయింది, గిన్నెలన్నీ గదిలో ఉండిపోయాయి. ఆయన పట్టుబట్టలతోనే వంగి రెండు చేతులా ఇసక కెలికాడు. తోడిన గుంటలోకి పక్కల ఇసక జరజరా జారిపడేది. కెలికిన ప్రతిసారీ తాళంచెవి ఇంకాస్త కిందికి పోయేది. అది ఎక్కడుందో నాకు తెలుస్తూనే ఉంది కానీ నాకు నోరు లేదాయె. చివరికి వంటమనిషి వచ్చి, ఆయన్ని పక్కకి తప్పుకోమని, ఇసకను పైనుంచి పొరలు పొరలుగా తీసి జల్లెడ పట్టాడు. తాళంచెవి దొరికింది. వరహాలరావుగారు మాత్రం అది తన చేతికి తగిలీ తగలనట్టే ఉందని, ఇంకొక్క క్షణం ఆగితే తనే తీసేవాడినని అందరికీ చెప్పాడు.

ఆ మండపం చేతులు మారినప్పుడు కొత్త యజమానికి నేను అడ్డం అనిపించాను. ఇసకంతా పారబోసి, నన్ను గోడవతల పడేశారు. పడున్న నన్ను వెతుక్కుంటూ వచ్చిన మనిషే దానయ్య.

సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఒక గులకరాయి తీసుకుని నా చుట్టూ తిరుగుతూ తట్టి చూశాడు. మోగిన మోతకి తల ఊపాడు. తరవాత వంగి ఇనప పట్టీ మీద వేలితో రాసి చూశాడు. నన్ను అంతవరకు ఎవరూ అలా పలకరించలేదు. నా లోపలికి రాబోయే మనిషి ఇతనేనని నాకు అప్పుడే తెలిసిపోయింది.

దానయ్యది మెట్టప్రాంతంలో నూతులు దించే కుటుంబం. పోలమ్మని చేసుకుని ఆమె ఊరు గవ్వలపాలేనికి ఇల్లరికం వచ్చాడు. అది సముద్రపు ఒడ్డున ఇసకదిబ్బల మధ్య చేపలుపట్టే వాళ్ళ పల్లె. వాళ్ళ పాత నుయ్యి ఉప్పుతేలిపోయింది. ఆడవాళ్ళు మంచినీళ్ళకి దిబ్బలన్నీ ఎక్కి దిగి పక్కూరు పోవాల్సి వచ్చేది. అల్లుడికి నూతిపని తెలుసు కాబట్టి ఊరు ఆ పని అతని నెత్తిన పెట్టింది.

ట్రాక్టరులో గరపఇసక పోసి, దాని మీద నన్ను పడుకోబెట్టి తీసుకెళ్ళారు. దారంతా గతుకులే. బయల్దేరేటప్పుడు నా కింద సన్నటి ఇసకే తగిలింది. పల్లె చేరేసరికి పెద్దపెద్ద గులకరాళ్ళు నా ఒంటికి గుచ్చుకుంటున్నాయి. ఇవెక్కణ్ణించి వచ్చాయా అని ఆలోచిస్తే సంగతి బోధపడింది. కుదుపు వచ్చినప్పుడల్లా రాయి కాస్త ఎగురుతుంది. దాని కిందికి సన్నఇసక దూరిపోతుంది. రాయి ఇక కిందికి రాలేదు. అలా గతుకు గతుక్కీ పైకి తేలుతుంది. పైకి రావడానికి రాయి చేసిందేమీ లేదు, సన్నవి కిందికి జారిపోతుంటే అది పైన మిగిలింది, అంతే. తరవాత గవ్వలపాలెం పెద్దమనుషుల్ని చూసినప్పుడు నాకు ఆ ట్రాక్టరు గుర్తొచ్చింది.

నుయ్యి దించడమంటే ఏమిటో చెప్పాలి కదా. మెత్తటి ఇసకలో ముందు గొయ్యి తవ్వి తరవాత ఒరలు పెడతానంటే కుదరదు, గొయ్యి నిలవదు. అందుకని ఒరను ఇసక మీద పెట్టి, మనిషి దాని లోపల నిలబడి, అంచు కింద ఇసకను చుట్టూ సమంగా తోడుతూ పోతాడు. ఒర తన బరువుకి తను దిగుతుంది. అది దిగినకొద్దీ పైన ఇంకొకటి పేరుస్తారు. వినడానికి సులువుగానే ఉంటుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఇంత బరువున్నదాన్ని, కింద ఖాళీ అయితే దిగకేం చేస్తాను అనుకున్నాను.

దిగలేదు. దానయ్య నా అంచు కింద అరచేయి దూరేంత సందు తోడేశాడు. అయినా నేను గాల్లో వేలాడుతున్నట్టు ఉండిపోయాను. చుట్టూ ఉన్న ఇసక నన్ను పక్కలనుంచి పట్టేసుకుంది. ఒక్కొక్క రేణువు ఎంత, ఆవగింజలో సగం ఉండదు. అలాంటివన్నీ భుజం భుజం కలిపి అడ్డం పడితే నాలాంటిదాన్ని ఆపేస్తాయి. అలా ఉండగా ఉండగా ఎక్కడో ఒక రేణువు జారుతుంది, దాని పక్కది జారుతుంది, ఇక నేను గుభేలుమని ఒక్కసారిగా దిగుతాను. మళ్ళీ పట్టేస్తుంది. ఈ బిగింపు ఎప్పుడు వదులుతుందో ముందుగా చెప్పడం నావల్ల కాలేదు, దానయ్యవల్లా కాలేదు. నాకు మాత్రం ఆ ఎదురుచూపు భలే సరదాగా ఉండేది.

మూడో ఒర పేర్చాక నేను మొరాయించాను. అప్పటికి లోపల మడమల్లోతు నీరు ఊరింది. దానయ్య నాలుకకి తీపిగానే ఉంది. కానీ ఎండల్లో నిలవాలంటే ఇంకో నిలువు దిగాలన్నాడు దానయ్య. నేను చూస్తే కదలను. అప్పుడు ఊళ్ళో వాళ్ళు వాళ్ళ ఆచారం బయటికి తీశారు.

గవ్వలపాలెంలో నూతిఒర బిగిస్తే దాని మీద పెద్దమనుషులు కూర్చోవాలి. అది శుభమని వాళ్ళ నమ్మకం. ఇసకమూటలు పెడితే సరిపోతుంది కానీ, మూటలకి మర్యాద ఎక్కడుంది? ఊరిపెద్ద కొర్లయ్య భారీ మనిషి. పోలమ్మకి వరసకి పెదనాన్న అవుతాడు. ఆయన వచ్చి పై ఒర అంచు మీద తూర్పువైపున, సముద్రం పక్కన కూర్చున్నాడు. ఆ ఊళ్ళో తూర్పే గౌరవస్థానం. ఆయన పక్కన ఆయన తమ్ముడు, ఆ పక్కన మిగతా పెద్దలు వరసగా, ఒకళ్ళనొకళ్ళు ఒరుసుకుంటూ తూర్పునే సర్దుకున్నారు. పడమర అంచు ఖాళీ. అక్కడ కూర్చుంటే పెద్దల ఎదురుగా, వాళ్ళ ఎత్తున, వాళ్ళ మొహాన కాళ్ళు చాపినట్టవుతుంది. ఆ పని కుర్రకారులో ఎవరు చేస్తారు? ఇక ఆడవాళ్ళయితే తొలి బిందె నీళ్ళు పైకొచ్చే దాకా ఒర తొక్కనే కూడదు. వాళ్ళు దూరంగా దిబ్బ మీద నిలబడి చూస్తున్నారు.

దానయ్య లోపల్నించి తలెత్తి అన్నాడు. "మావా, అందరూ ఒకేపు కూకుంటే ఒర వాలిపోతాది. సగంమంది అటేపుకి రండి."

"నువ్వు తవ్వు అల్లుడా," అన్నాడు కొర్లయ్య ఎంతో ప్రేమగా. "కూకోడం మాకు తెల్దేటి?"

ఇల్లరికపుటల్లుడు ఊరిపెద్దని రెండోసారి లేచి అటు కూర్చోమనడం ఆ ఊళ్ళో ఎన్నడూ లేదు. దానయ్య పార అందుకున్నాడు.

నేను వాలాను. తూర్పు అంచు ఇసకలోకి దిగింది, పడమర అంచు లేచింది. లేచిన వైపు కింద ఇంకాస్త తోడితే, అటు కూడా దిగి మళ్ళీ సమం అవుతానని దానయ్య ఆలోచన. ఆలోచన సరైందే. పడమర అంచు మీద నలుగురు కూర్చుని ఉంటే అలాగే జరిగేది. అతను పడమర వైపుకి జరిగి, నా అంచు కిందికి పార దూర్చి తోడాడు. పైన బరువు లేదు కాబట్టి ఆ వైపు నేను దిగలేదు. సందు మాత్రం పెద్దదైంది. బయటున్న తడిఇసక ఆ సందులోంచి లోపలికి రావడం మొదలుపెట్టింది.

పొడిఇసక జారితే గలగలమంటుంది. తడిఇసక చప్పుడు చేయదు. చిక్కటి అంబలిలా వచ్చి అతని పాదాల చుట్టూ చేరింది. అతను ఒక కాలు లాక్కోబోయాడు, రెండోది ఇంకా దిగింది. దాన్ని లాక్కోబోతే మొదటిది దిగింది. చేతిలో ఇసక ఎత్తే ఇనపతట్ట జారి ఊబిలో పడి మాయమైంది. చూస్తుండగానే మోకాళ్ళు పోయాయి, తొడలు పోయాయి.

ఇక్కడ ఒకమాట చెప్పాలి. తడిఇసక మనిషిని దానంతటది మింగేయలేదు. మనిషి దానికంటే తేలిక. నడుందాకా దిగాక తేలినట్టు ఆగిపోతాడు. నీళ్ళూ ఇసకా కలిసిన ఊబి ఎక్కడైనా అంతే. కానీ ఇక్కడ అతను దిగడం ఆగినా ఇసక రావడం ఆగదు కదా. నా కింద సందు ఉన్నంతసేపూ అది వస్తూనే ఉంటుంది. నడుము దాటి ఛాతీ దాకా, ఛాతీ దాటి గొంతు దాకా. సన్యాసమ్మ అన్న మాట గుర్తొచ్చి నాకు భయమేసింది. నేను పగల్లేదు. అయినా నా లోపలున్న మనిషి పోయేలా ఉన్నాడు.

"దిగబడిపోనాను," అని అరిచాడు దానయ్య.

పైనున్నవాళ్ళు చేపలవాళ్ళు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించి వాళ్ళకి తెలిసిన సాయం లాగడం. బరువైనది ఏది చిక్కుకున్నా, అది వలైనా, పడవైనా, అందరూ తాడు పట్టుకుని ఒక్క ఊపున లాగుతారు. తాడు వేశారు. దానయ్య చంకల కింద బిగించుకున్నాడు. మొత్తం కుర్రకారంతా తాడు పట్టుకుని హైలెస్సా అన్నారు.

సముద్రంలో వల ఆ ఊపుకి కదులుతుంది. ఇసకలో మనిషి కదలడు. చప్పున లాగితే అతని కాళ్ళ కింద ఖాళీలోకి నీరు చేరడానికి వ్యవధి ఉండదు. రేణువులన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని రాయైపోతాయి. వాళ్ళు ఎంత గట్టిగా లాగితే ఇసక అంత గట్టిగా పట్టింది. మధ్యలో ఉన్నది దానయ్య నడుము.

"ఆపండి," అన్నాడతను. అరుపు కూడా రాలేదు. "రెండు ముక్కలైపోతాను. ఆపండి."

పైన పాట ఆగింది. అప్పుడు దిబ్బ మీంచి పోలమ్మ దిగి వచ్చింది. పీతల కోసం ఆటుపోటు ఇసకలో చిన్నప్పట్నించి తిరిగిన మనిషి ఆమె. కాలు దిగబడితే ఏం చేయాలో, ఏం చేయకూడదో ఆమెకి తెలుసు. నిజానికి ఆ ఊళ్ళో పిల్లలందరికీ తెలుసు. తాడు చేతికందేసరికి అందరూ మరిచిపోయారు, అంతే. ఆమె అంచు దగ్గరికొచ్చి లోపలికి చూసింది. ఇసక ఎటునుంచి వస్తోందో చూసింది. ఖాళీగా ఉన్న పడమర అంచు చూసింది. తూర్పున వరసగా కూర్చున్న పెద్దల్ని చూసింది. అంత గొడవలోనూ వాళ్ళలో ఒక్కరూ లేవలేదు. లేస్తే ఏమవుతుందోనన్న కంగారులో అలాగే బిగుసుకుపోయి ఉన్నారు.

"పెదనానా, ఎవలైనా ఇటేపు కూకోండి. ఇటు బరువు లేక ఇసకొచ్చేస్తంది."

కొర్లయ్య అంచుని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఆయన తమ్ముడు మాత్రం, "నువ్వు ఎనక్కెళ్ళవే. ఆడోళ్ళు ఒర దగ్గరికి రాకూడదు. తొలి బిందె రాలేదింకా," అన్నాడు.

"తొలి బిందె ఎవలి కోసం బాబాయా?" అంది పోలమ్మ. "నా మొగుడు లోపలుండిపోతే ఆ నీళ్ళు ఎవలికి తాగబుద్దేస్తాది?"

అని, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, ఎక్కి పడమర అంచు మీద కూర్చుంది. పెద్దలందరికీ ఎదురుగా, వాళ్ళ ఎత్తున.

ఆ బరువు రెండు ఒరలు దాటుకుని నా దాకా వచ్చింది. ఏమంత బరువు కాదు. నేను వణికాను కానీ దిగలేదు. "ఏటి సూత్తన్నారే, రండి," అని ఆమె వెనక్కి తిరిగి పిలిచింది. చేపలతట్టలు మోసే బంగారమ్మ వచ్చి ఆమె పక్కన కూలబడింది. బంగారమ్మ కూర్చుంటే మంచాలు కిర్రుమంటాయని ఊళ్ళో అందరూ ఆటపట్టిస్తారు. ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఎక్కారు. ఇసక వేగం తగ్గింది, ఆగలేదు. అప్పటికి దానయ్యకి అది ఛాతీ దాకా వచ్చింది. ఊపిరి వదిలినప్పుడల్లా ఆ ఖాళీలోకి ఇసక సర్దుకుంటోంది. తిరిగి పీల్చుకోవడానికి చోటివ్వడం లేదు.

అప్పుడు కొర్లయ్య లేచాడు. ఆ ఒర చుట్టూ నడవడానికి ఎంతసేపు పడుతుంది? ఆయన మాత్రం పక్కూరికి నడిచి వెళ్ళినంత కష్టంగా నడిచాడు. పడమర వైపుకి వచ్చి నిలబడి, "పోలమ్మా, కూసింత జరుగే," అన్నాడు.

ఆమె జరిగింది. ఆయన కూర్చున్నాడు.

నేను దిగాను. జీవితంలో అంత ఇష్టంగా నేనెప్పుడూ దిగలేదు. పడమర అంచు ఇసకను కోసుకుంటూ పోయి కిందికి కూర్చుంది, సందు మూసుకుపోయింది, లోపలికి వచ్చే ఇసక ఆగిపోయింది. "ఆగింది," అని దానయ్య సన్నగా అన్న మాట నాకూ, పైన వంగి చూస్తున్న పోలమ్మకూ వినిపించింది.

తక్కిన పని నిదానంగా జరిగింది. పోలమ్మ తాడు వదులు చేయమంది. బిందెలతో నీళ్ళు తెప్పించి సన్నధారగా దానయ్య ఒంటి పక్కనుంచి పోయించింది. "లాక్కోకు. కుదుపుకో," అంటూ పైనుంచి చెబుతూనే ఉంది. అతను ముందు భుజాలు, తరవాత నడుము, తరవాత ఒక్కొక్క కాలు ఊగించుకుంటూ, మధ్యలో అలిసి ఆగుతూ, నీళ్ళకి వదులైన ఇసకలోంచి కొంచెం కొంచెంగా పైకి తేలాడు. నేను సిమెంటు ముద్దగా ఉన్నప్పుడు సన్యాసమ్మ చువ్వ కింద జరిగింది సరిగ్గా ఇదే. అప్పుడు రాయి దిగింది, ఇప్పుడు మనిషి పైకి వచ్చాడు. పొద్దు వాలేటప్పటికి అతను అంచు దాటి బయటపడ్డాడు. పోలమ్మ అప్పటిదాకా ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది. తూర్పువైపు పెద్దలు ఇంకా కూర్చునే ఉన్నారు, వాళ్ళని లేవమని ఎవరూ చెప్పలేదు.

నడుం నొప్పి తగ్గాక దానయ్య మళ్ళీ దిగాడు. దిగేముందు ఒక షరతు పెట్టాడు, ఎవరు ఎక్కడ కూర్చోవాలో తనే చెబుతానని. కొర్లయ్య ఎదురుగా బంగారమ్మని కూర్చోబెట్టాడు, ఇద్దరూ ఒకటే బరువని. ఊరిపెద్దని చేపలతట్టల మనిషితో తూచడం ఆ ఊరి చరిత్రలో అదే మొదలు. కొర్లయ్య తమ్ముడికి ఎదురుగా ఎవరూ సరిపోక, ఇద్దరు పీలమనుషుల్ని సర్దాడు. ఆయనకి అది అవమానమో గౌరవమో తేల్చుకోలేక మూతి ముడుచుకు కూర్చున్నాడు. నేను మాత్రం హాయిగా, ఇక వాలకుండా, గుభేలు గుభేలుమంటూ దిగాను. ఎండలకి నిలిచే నీరు పడింది. తొలి బిందె మట్టుకు కొర్లయ్యే తాగాడు. అన్నీ ఒక్క వారంలో మారిపోవు కదా.

నుయ్యి ఇప్పటికీ కాస్త తూర్పుకి వాలి ఉంటుంది. ఆ మొదటిరోజు వాలు పూర్తిగా పోలేదు. చేద తూర్పు గోడకి కొట్టుకుంటుంది. కొత్తవాళ్ళెవరైనా ఎందుకిలా ఉందని అడిగితే, ఊళ్ళో వాళ్ళు నిట్టూర్చి, "అడుగు ఒర మంచిది కాదు. వంకరగా పోసీసినారు," అంటారు. పెద్దలు కూర్చున్న సంగతి ఎవరి కథలోనూ ఉండదు. ఆ మాట పడ్డప్పుడల్లా నాకు సన్యాసమ్మ తడిగోనెలు గుర్తొచ్చి కాస్త ఒళ్ళు మండుతుంది. అంతలోనే పోనీలే అనిపిస్తుంది. మనుషుల మర్యాద నిలబెట్టడానికి ఇంత సిమెంటు ముక్క పనికొస్తే రానీ.

నాకిక దిగే పని లేదు. ఇక్కడ చీకట్లో నాకున్న కాలక్షేపం దానయ్య తట్ట. ఆ రోజు జారిపోయిందే, అది మళ్ళీ దొరకలేదు. వానాకాలంలో ఊట ఎక్కినప్పుడల్లా ఇసక వదులై, అది వెంట్రుకవాసి కిందికి జరుగుతుంది. ఎండాకాలం ఆగిపోతుంది. ఇప్పటికి నన్ను దాటి చాలా లోతుకి పోయింది. ఎక్కడిదాకా పోతుందో, కింద దాన్ని ఆపే బండ ఏదైనా ఉందో లేదో తెలుసుకోవాలని నాకెంతో ఉంది.

ఏటా ఎండల్లో పూడిక తీయడానికి దానయ్య వస్తాడు. ఒరల సందుల్లో కాళ్ళు ఆనించుకుంటూ దిగుతాడు. పై అంచు దాటి మొదటి కాలు లోపల పెట్టగానే ఆగి, పైకి చూడకుండానే, "పోలీ, కూకున్నావా?" అని అడుగుతాడు. "కూకున్నాను, దిగు," అని పడమర అంచు మీంచి జవాబు వస్తుంది. అప్పుడు రెండో కాలు పెడతాడు.

కొర్లయ్య పోయాడు. బంగారమ్మ కూడా పోయింది. ఈ ఏడు దానయ్య జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. వాళ్ళ అల్లుడొకడు నేను దిగుతానంటే, నా ఒరని నేనే చూసుకుంటానన్నాడు దానయ్య. మొదటి కాలు లోపల పెట్టి, ఎప్పట్లాగే అడిగాడు. జవాబు రాలేదు. అతను కదల్లేదు. పైన ఎవరో ఆయాసపడుతూ అంచు ఎక్కుతున్న చప్పుడు. తరవాత పడమర వైపునుంచి, ఒక్కొక్క ఒరా దాటుకుంటూ ఆ బరువు నా దాకా వచ్చింది. ఆమె బాగా తేలికైపోయింది. ఆ బరువు నన్నిప్పుడు ఇసకరేణువంత కూడా కదపలేదు. ఆ సంగతి దానయ్యకి నాకంటే బాగా తెలుసు.

"కూకున్నాను," అంది పోలమ్మ. "దిగు."

అతను దిగాడు.